తమ్ముడి గేమ్‌కు తాళం ఎందుకు పడింది?

ప్రశ్న: నేను హనుమకొండలో గవర్నమెంట్ స్కూల్ టీచర్‌ని. పిల్లల పోరు పడలేక మూడేళ్ల కిందట పీఎస్5 (సోనీ కంపెనీ గేమ్ మిషన్ ప్లేస్టేషన్ 5) కొన్నాం. గేమ్‌లన్నీ పెద్దబ్బాయి అకౌంట్‌లో, నా కార్డుతో, ఆన్‌లైన్‌లోనే కొన్నాం. ఈమధ్య వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. తన జీతంతో అక్కడ ఇంకో పీఎస్5 కొనుక్కున్నాడు. ఆ రోజు నుంచి ఇక్కడ చిన్నవాడికి ప్రతి గేమ్ మీదా తాళం గుర్తు కనిపిస్తోంది. వాడు ఇంటర్ సెకండియర్. ‘అన్న నా గేమ్‌లు పట్టుకుపోయాడు’ అని ఒకటే గొడవ. షాపులో అడిగితే ‘700 ఇవ్వండి, ప్రైమరీ ఐడీ ఇస్తాం’ అంటున్నారు. డల్లాస్‌లో ఉండే మా చెల్లెలి పిల్లలేమో నింటెండో కంపెనీ మిషన్‌లో గేమ్‌లు ఒకరికొకరు అరువిచ్చుకుంటారట. మనకు ఆ సౌకర్యం ఎందుకు లేదు? డబ్బు పెట్టి కొన్నది సొంత తమ్ముడు ఆడుకోవడానికి కూడా కంపెనీ పర్మిషన్ కావాలా? ఇకమీదట గేమ్‌లు ఎలా కొనాలి?

సమాధానం: టీచర్ గారూ, ముందు చిన్నబ్బాయి సంగతి చూద్దాం, కంపెనీని తర్వాత తిడదాం. మీ గేమ్‌లు ఎక్కడికీ పోలేదు, డబ్బూ పోలేదు. ఒక్క సెట్టింగ్ హనుమకొండ నుంచి బెంగళూరుకు వెళ్లిపోయింది, అంతే.

దాని పేరు ‘కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే’. ఒక అకౌంట్‌కు ఇది ఒక్క పీఎస్5 మీదే ఆన్‌లో ఉంటుంది. అలా ఆన్‌లో ఉన్న మిషన్ మీద, ఆ అకౌంట్ కొన్న గేమ్‌లను అందులో ప్రొఫైల్ ఉన్న ఎవరైనా ఆడొచ్చు. నెట్ లేకపోయినా ఆడొచ్చు. మిగతా మిషన్ల మీద మాత్రం కొన్న మనిషి తన అకౌంట్‌తో లాగిన్ అయి, నెట్ కూడా ఉంటేనే గేమ్ తెరుచుకుంటుంది. మొన్నటిదాకా ఆ సెట్టింగ్ మీ ఇంట్లోని పీఎస్5 మీద ఉంది కాబట్టి అన్న గేమ్‌లు తమ్ముడి ప్రొఫైల్‌లోనూ ఆడాయి. పెద్దబ్బాయి బెంగళూరులో కొత్త మిషన్ విప్పి లాగిన్ అయ్యేటప్పుడు, షేరింగ్ ఇటు మార్చమంటారా అని స్క్రీన్ మీద అడిగి ఉంటుంది. కొత్త వస్తువు చేతికొచ్చిన ఉత్సాహంలో ఏది అడిగినా ఓకే కొట్టేస్తాం కదా. అక్కడ ఆన్ అయిన క్షణంలోనే ఇక్కడ ఆఫ్ అయిపోయింది.

దాన్ని మళ్లీ ఇంటికి తెచ్చుకోవడం సులువే. మీ ఇంటి పీఎస్5లో పెద్దబ్బాయి ప్రొఫైల్ ఇంకా ఉండే ఉంటుంది. చిన్నబ్బాయి తన ప్రొఫైల్‌లో కాకుండా అన్న ప్రొఫైల్‌లోకి వెళ్లి సెట్టింగ్స్ తెరవాలి. అందులో ‘యూజర్స్ అండ్ అకౌంట్స్’, దాని కింద ‘అదర్’, అందులో ‘కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే’. అక్కడ ‘ఎనేబుల్’ నొక్కాలి. ప్రొఫైల్‌కు పాస్‌కోడ్ ఉన్నా, మళ్లీ లాగిన్ అడిగినా పెద్దబ్బాయి ఫోన్‌లో అందుబాటులో ఉండాలి; కోడ్ అతనికే వస్తుంది. వాడు ఆఫీసు మీటింగ్‌లో ఉన్నప్పుడు కాకుండా ఆదివారం పెట్టుకోండి. పని అయ్యాక చిన్నబ్బాయి మళ్లీ తన సొంత ప్రొఫైల్‌లోకి వచ్చి ఆడుకోవాలి. ఇది ముఖ్యం. అన్న ప్రొఫైల్‌లోనే ఆడుతూ కూర్చుంటే, బెంగళూరులో అన్న లాగిన్ అయినప్పుడల్లా ఒకరు ఇంకొకరిని బయటికి నెట్టేసుకుంటారు. తన ప్రొఫైల్‌లో ఆడితే ఆ తంటా లేదు. ఇద్దరూ ఒకే సమయంలో, ఒకే గేమ్ కూడా ఆడుకోవచ్చు. ఇన్నాళ్లూ చిన్నబ్బాయి దాటిన లెవెల్స్ అన్నీ వాడి ప్రొఫైల్‌లోనే భద్రంగా ఉంటాయి. ఆ టెన్షన్ అక్కర్లేదు.

మరి పెద్దబ్బాయి నష్టపోడా అంటే, కొంచెం. కొన్నది అతనే కాబట్టి తన అకౌంట్‌తో బెంగళూరులో మామూలుగానే ఆడతాడు, కానీ నెట్ తప్పనిసరి. రూమ్‌లో వైఫై పోతే డిజిటల్ గేమ్‌లు ఆగిపోతాయి. వైఫై బాగున్నా సోనీ సర్వర్లు పడిపోతే అదే పరిస్థితి. 2025 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ప్రపంచమంతటా దాదాపు ఒక రోజంతా పనిచేయలేదు. శని, ఆదివారాల్లో ఆడుకుందామనుకున్నవాళ్లు తలపట్టుకున్నారు. షేరింగ్ ఆన్‌లో ఉన్న మిషన్ ముందు కూర్చున్నవాళ్లు మాత్రం ఒంటరిగా ఆడే గేమ్‌లు ఆడుకున్నారు. సోనీ తర్వాత ‘ప్లేస్టేషన్ ప్లస్’ అనే తన సర్వీసుకు చందా కట్టేవాళ్లకు ఐదు రోజులు అదనంగా ఇచ్చి ఊరుకుంది. అయినా మీ ఇంటి విషయంలో నా ఓటు తమ్ముడికే. అన్న దగ్గర అకౌంట్ ఉంది, తమ్ముడికి ఉన్నది ఆ మిషన్ ఒక్కటే.

ఇదే పని పీఎస్4లో అయితే ‘యాక్టివేట్ యాజ్ యువర్ ప్రైమరీ పీఎస్4’ అనే పేరుతో ఉంటుంది. షాపతను అన్న ‘ప్రైమరీ’ అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. ఆయన దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు మీ అసలు కోపం. డబ్బు పెట్టి కొన్నాక మనది కాదా అని. డిస్క్ కొని ఉంటే మీదే. చిన్నవాడు ఆడి పెద్దవాడికి కొరియర్ చేయొచ్చు, పక్కింటి పిల్లాడికి అరువివ్వచ్చు, విసుగొస్తే సగం ధరకు అమ్మేయొచ్చు. ఆన్‌లైన్ స్టోర్‌లో మీరు కొన్నది గేమ్ కాదు, ఆడుకోవడానికి ఒక అకౌంట్ పేరు మీద ఇచ్చిన అనుమతి. ఆర్టీసీ బస్ పాస్‌కు డబ్బు కట్టింది తల్లే అయినా, దాని మీద అన్న ఫొటో ఉంటే తమ్ముడు ఎక్కలేడు కదా, అలాంటిదే. మీ కార్డు నుంచి డబ్బు పోయిందన్నది సోనీ లెక్కలో పెద్ద విషయం కాదు. ఆ సమయంలో ఎవరి ప్రొఫైల్ తెరిచి ఉందో వాళ్లదే ఆ గేమ్.

ఇది మోసం కాదా అంటే, చాలా దేశాల్లో చాలామంది అడిగారు. ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుల సంఘం, కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ స్టోర్ యజమాని వాల్వ్ మీద కేసు వేసింది. కొన్న డిజిటల్ గేమ్‌ను తిరిగి అమ్ముకునే హక్కు ఉండాలన్నది వాదన. 2019లో పారిస్ కోర్టు అవునంది. 2022లో అప్పీల్ కోర్టు కాదంది. 2024లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమూ కంపెనీ పక్షానే నిలిచింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇంకో దారి పట్టింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ ఒక చట్టం అమల్లో ఉంది. మీకిస్తున్నది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా స్టోర్‌లో ‘బై’ అనే మాట వాడకూడదట. అంటే హక్కేమీ రాలేదు, నిజం చెప్పమన్నారు. నాకైతే ఇది కంటితుడుపుగానే అనిపిస్తుంది, కానీ అసలు చెప్పకపోవడం కన్నా నయం.

కంపెనీలు ఇంత బిగించడానికి ఒక చరిత్ర ఉంది. పీఎస్3 రోజుల్లో ఒక అకౌంట్‌లో కొన్న గేమ్‌ను ఐదు మిషన్ల మీద ఆడుకోనిచ్చేవారు. ఇంట్లో ఐదు పీఎస్3లు ఎవరికుంటాయి? ముక్కూమొహం తెలియని ఐదుగురు ఆన్‌లైన్‌లో జట్టుకట్టి, తలా కాస్త వేసుకుని ఒక గేమ్ కొని పంచుకునేవాళ్లు. 2011 నవంబర్‌లో సోనీ ఆ ఐదును రెండు చేసేసింది. పీఎస్4 వచ్చేసరికి ప్రైమరీ ఒక్కటే మిగిలింది.

2013లో మైక్రోసాఫ్ట్ ఇంకా పెద్ద రగడ చేసింది. కొత్తగా రాబోతున్న తన గేమ్ మిషన్ ఎక్స్‌బాక్స్ వన్ 24 గంటలకు ఒకసారి నెట్‌కు కనెక్ట్ కాకపోతే గేమ్‌లు ఆడనివ్వదని ప్రకటించారు. డిస్క్ కొన్నా సరే, దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికీ అమ్మడానికీ షరతులు పెట్టారు. జనం మండిపడ్డారు. జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన గేమ్‌ల ప్రదర్శన సమయంలో సోనీ అర నిమిషం కూడా లేని ఒక వీడియో వదిలింది. ‘పీఎస్4లో గేమ్ షేర్ చేసుకోవడం ఎలా’ అన్నది దాని విషయం. ఒకాయన పక్కాయన చేతికి గేమ్ డబ్బా అందిస్తాడు. తీసుకున్నాయన థ్యాంక్స్ అంటాడు. అయిపోయింది. పది రోజులు తిరక్కుండానే, జూన్ 19న, మైక్రోసాఫ్ట్ ఆ షరతులన్నీ వెనక్కి తీసుకుంది.

అందరూ చప్పట్లు కొట్టారు గానీ, ఆ గొడవలో ఒక మంచి ఆలోచన కూడా కొట్టుకుపోయింది. అదే ప్యాకేజీలో, మీ గేమ్‌ల లైబ్రరీని కుటుంబంలో పది మంది వరకు ఎక్కడున్నా వాడుకోవచ్చని కూడా మైక్రోసాఫ్ట్ చెప్పింది. షరతులతో పాటు దాన్నీ ఎత్తేశారు. అన్న బెంగళూరులో, తమ్ముడు హనుమకొండలో ఉన్న మీలాంటి ఇంటికి కావాల్సింది సరిగ్గా అదే. ఇక సోనీ వీడియోలో ఆ చేతులు మారింది డిస్క్ డబ్బా అని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. డిజిటల్ గేమ్‌కు పీఎస్4లోనూ తాళం ఉండనే ఉంది.

ఇక షాపులో చెప్పిన 700 రూపాయల బేరం. వద్దు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చిన్నవాడు ఫ్రెండ్స్ మాట విని మళ్లీ అడుగుతాడు. ఈ వ్యాపారం ఇలా నడుస్తుంది. అమ్మేవాడు ఒక కొత్త అకౌంట్ తెరిచి అందులో ఒక్కసారి గేమ్ కొంటాడు. ఆ అకౌంట్‌ను మీ మిషన్‌లో వేసి షేరింగ్ ఆన్ చేస్తే అది ‘ప్రైమరీ’. మీరు మీ ప్రొఫైల్‌తో హాయిగా ఆడతారు. అదే అకౌంట్‌ను ఇంకొకరికి ‘సెకండరీ’గా ఇంకాస్త తక్కువకు అమ్ముతాడు. వాళ్లు ఆ అకౌంట్‌తోనే, నెట్ పెట్టుకుని ఆడాలి. ఒక గేమ్‌కు ఇద్దరి దగ్గర డబ్బు వచ్చింది. ఇంతటితో ఆగితే సరే. అకౌంట్ ఈమెయిల్, పాస్‌వర్డ్ అతని చేతిలోనే ఉంటాయి. ఉన్న మిషన్లన్నిటినీ ఒకేసారి డీయాక్టివేట్ చేసే బటన్ ప్లేస్టేషన్ వెబ్‌సైట్‌లో ఉంది, ఆరు నెలలకోసారి వాడొచ్చు. అతను అది నొక్కి అదే ‘ప్రైమరీ’ని మూడోవాడికి అమ్ముకుంటే మీ స్క్రీన్ మీద మళ్లీ అదే తాళం. ఎవరికి ఫిర్యాదు చేస్తారు? సోనీకి చెబితే అకౌంట్ ఇంకొకరికి ఇవ్వడమే నిబంధనలకు విరుద్ధం అంటుంది. ఆ గేమ్ కొన్నది దొంగ కార్డుతో అయితే అకౌంటే మూసేస్తారు. శ్రుతి మించిన కేసుల్లో మిషన్‌నే నెట్‌వర్క్ నుంచి నిషేధించే అధికారం కూడా కంపెనీ దగ్గర పెట్టుకుంది. 700 కోసం అంత ఖరీదైన మిషన్‌ను పణంగా పెట్టడం దేనికి?

దీనికన్నా ప్రమాదం, ‘సెట్ చేసి ఇస్తాం’ అంటూ షాపువాళ్లు మీ పెద్దబ్బాయి పాస్‌వర్డ్ అడగడం. అందులో మీ కార్డు సేవ్ అయి ఉందేమో ఈ రోజే చూడండి. ఉంటే తీసేసి, కావాల్సినప్పుడు ప్లేస్టేషన్ గిఫ్ట్ కార్డు కొని వ్యాలెట్‌లో వేసుకోండి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయించండి.

డల్లాస్ పిల్లల సంగతికి వస్తే, వాళ్లు చెప్పింది నిజమే. 2025 ఏప్రిల్ చివర్లో నింటెండో తన ‘స్విచ్’ గేమ్ మిషన్‌కు ‘వర్చువల్ గేమ్ కార్డ్’ అనే పద్ధతి తెచ్చింది. డిజిటల్‌గా కొన్న గేమ్ కూడా ఒక కార్డులా స్క్రీన్ మీద కనిపిస్తుంది. దాన్ని ఒక మిషన్ నుంచి తీసి ఇంకో మిషన్‌లో పెట్టుకోవచ్చు. నింటెండో ఫ్యామిలీ గ్రూప్‌లో ఎనిమిది మంది వరకు ఉండొచ్చు. వాళ్లలో ఒకరికి ఆ కార్డు 14 రోజులకు అరువివ్వచ్చు. గడువు తీరగానే అడక్కుండానే వెనక్కి వచ్చేస్తుంది. పుస్తకం ఇచ్చి తిరిగి రాబట్టుకోలేని నాలాంటివాళ్లకు ఇది వరమే. ఒక మనిషికి ఒకసారి ఒక గేమే ఇవ్వగలరు. ఇచ్చేటప్పుడు రెండు మిషన్లూ పక్కపక్కనే ఉండాలి. కార్డు అవతలివాళ్ల దగ్గరున్నంత కాలం మీరు ఆ గేమ్ ఆడలేరు.

కాబట్టి అసూయ పడకండి. ఒకే ఇంట్లో ఉండే అక్కాచెల్లెళ్లకు నింటెండో పద్ధతి అందంగా సరిపోతుంది. వేర్వేరు ఊళ్లలో ఉన్న మీ అబ్బాయిలకు సోనీ సెట్టింగే మేలు, ఇద్దరూ ఒకేసారి ఆడుకుంటారు గనుక. పైగా నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు. దిగుమతి సరుకు అమ్మే షాపుల్లోనో, చెల్లెలి సూట్‌కేసులోనో రావాలి. ఎక్స్‌బాక్స్ వైపు మనసు పోతే, అక్కడా సోనీ తరహాయే. ‘హోమ్ ఎక్స్‌బాక్స్’ అంటారు, అకౌంట్‌కు ఒకటే, ఏడాదిలో ఇన్నిసార్లే మార్చుకోవచ్చని లెక్క ఉంటుంది.

ప్లేస్టేషన్‌లోనూ ఫ్యామిలీ గ్రూప్ అని ఒకటి కనిపిస్తుంది. పేరు చూసి మోసపోకండి. అది పిల్లలు ఎంతసేపు ఆడాలి, ఎంత ఖర్చు పెట్టాలి అని పెద్దవాళ్లు హద్దులు పెట్టడానికి. గేమ్‌లు పంచదు. ఇంటర్ సెకండియర్ పిల్లాడి తల్లిగా ఆ ఆట సమయం సెట్టింగ్ మీకు వేరే రకంగా పనికొస్తుందేమో, అది మీరూ వాడూ తేల్చుకోండి.

ఇకమీదట కొనడం గురించి. చిన్నవాడు ఒక్కడే ఆడి, కథ అయిపోయాక పక్కన పెట్టేసే గేమ్‌లుంటాయి. వాటిని డిస్క్‌లో కొనండి. మీ పీఎస్5 డిజిటల్ ఎడిషన్ కాదు కదా? ముందువైపు డిస్క్ పెట్టే సన్నని చీలిక ఉందేమో చూస్తే తెలుస్తుంది. ఆడేశాక అన్నకు పంపొచ్చు, అమ్మొచ్చు, మార్పిడి చేసుకోవచ్చు. ఏళ్ల తరబడి రోజూ ఆడేవి, ఫుట్‌బాల్, క్రికెట్ లాంటివి, డిజిటల్‌గా పెద్దబ్బాయి అకౌంట్‌లోనే కొనండి, ఇద్దరికీ పనికొస్తాయి. పెద్దబ్బాయి ప్లేస్టేషన్ ప్లస్ చందా కడుతుంటే ఆన్‌లైన్‌లో ఆడే సౌకర్యం కూడా షేరింగ్ ద్వారా ఇంటి మిషన్‌కు వస్తుంది, కాబట్టి తమ్ముడికి వేరే చందా దండగ. గేమ్ లోపల కొనే నాణేలు, పాయింట్లు మాత్రం పంచుకోవడం కుదరదు. అవి కొన్నవాడివే.

చిన్నవాడి అకౌంట్‌లో కొన్నవి కూడా అన్నకు కావాలంటే, వాడి అకౌంట్‌ను బెంగళూరు మిషన్‌లో వేసి అక్కడ షేరింగ్ ఆన్ చేయొచ్చు. అన్న షేరింగ్ ఇక్కడ, తమ్ముడి షేరింగ్ అక్కడ. అప్పుడు రెండు లైబ్రరీలూ ఇద్దరివీ అవుతాయి. సొంత అన్నదమ్ముల మధ్య పర్వాలేదు. క్లాస్‌మేట్‌తో ఇలా చేస్తానంటే ఒప్పుకోకండి. ఒకరి అకౌంట్ ఇంకొకరి ఇంట్లో తెరిచి ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

షేరింగ్ మార్చాక కూడా ఏదైనా గేమ్ మీద తాళం పోకపోతే, పెద్దబ్బాయి ప్రొఫైల్‌లోనే ఆ ‘అదర్’ మెనూలో ‘రిస్టోర్ లైసెన్సెస్’ అని ఉంటుంది, అది నొక్కండి. అప్పటికీ కదలకపోతే రెండు అనుమానాలు. అది ప్లస్ చందాతో వచ్చిన గేమ్ అయి, చందా అయిపోయి ఉండొచ్చు. మళ్లీ కడితేనే తెరుచుకుంటుంది. లేదా అది అసలు పెద్దబ్బాయి అకౌంట్‌లో కొన్నదే కాకపోవచ్చు. ఇద్దరి అకౌంట్లలోనూ ట్రాన్సాక్షన్ హిస్టరీ తెరిచి చూడండి. ఇంట్లో మూడో ప్రొఫైల్ ఉంటే, అంటే మీవారి పేరుతో ఎప్పుడో తెరిచి వదిలేసింది, అందులోనూ ఒకసారి వెతకండి.